నలభై ఒకటో వరుస

"ఈడ మా నాయన పేరు పక్కన లేటు అని రాసింది ఎవురు?"

అంగడి గోడకు నేను అంటించిన లిస్టులో పదిహేడో పేరు మీద చూపుడు వేలు పెట్టి అడిగింది ఆ అమ్మాయి. వేలు పెట్టిన తీరు చూస్తే ఆ గోడకు చిల్లు పడుతుందేమో అనిపించింది.

"నేను రాయలేదండీ. కంప్యూటర్ రాసింది" అన్నాను.

"అయితే దాన్ని బయటికి పిలువు. మాట్లాడాల."

ఇది 1988 అక్టోబరు పదిహేడు, సోమవారం. తేదీ అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటారా? తర్వాత ఆ తేదీ నా మీద కేసు పెట్టింది. చెబుతాను.

నా పేరు ఓబుళేసు. మాది గుంతకల్లు. మా నాయన రామదాసు రైల్వే గేట్‌మన్. బెంగళూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, ధర్మవరంలో ఈరప్ప సావుకారి పట్టుచీరల అంగడిలో చేరాను. ఊళ్ళో మొట్టమొదటి కంప్యూటర్ తనదే కావాలని ఆయన ముచ్చట. దాన్ని అద్దాల గదిలో పెట్టి, దండ వేసి, రోజూ ఊదుబత్తి వెలిగించేవాడు. ఆ పొగకు నాకు దగ్గు పట్టుకుంది.

నా పని సులువే. స్ప్రెడ్‌షీట్ అంటే తెర మీద గళ్ళ పుస్తకం. నలభై మగ్గాలకు నలభై వరుసలు. మొదటి గడిలో నేతగాడి పేరు, రెండో గడిలో పడుగు, అంటే చీర నిలువు దారాలు, మగ్గం ఎక్కిన తేదీ, మూడో గడిలో పద్నాలుగు రోజులు. నాలుగో గడిలో ఆ రెండూ కూడమని ఫార్ములా రాస్తే చీర ఏ రోజు రావాలో అదే చెబుతుంది. ఆ రోజు దాటితే పక్కన లేటు అని పడుతుంది. లేటయినవాళ్ళకు తర్వాతి పడుగు చివర్లో ఇస్తానని సావుకారి చాటించాడు.

"మీ నాయన పేరు?"

"కదిరప్ప. ముప్పై ఏండ్లుగా నేస్తాండాడు. ఒక్క దినం తప్పినాడని యెవురితోనైనా అనిపించు చూద్దాం."

"లోపలికి రండి, తెర మీద చూడండమ్మా. అక్టోబరు ఒకటిన పడుగు ఎక్కింది. పద్నాలుగు కలిపితే పదహైదు. చీర వచ్చింది పదహారు. లెక్క లెక్కే కదా?"

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. "ఈడ ముప్పై రెండువేల నాలుగొందల ముప్పై ఒకటి అని ఉండాది. ఇదేంది, లారీ నంబరా?"

"కాదండీ, అదే పదహైదో తేదీ. ఆ గడికి తేదీ రూపం ఇవ్వడం మరిచిపోయాను. కంప్యూటర్ తేదీలను నంబర్లుగా గుర్తుపెట్టుకుంటుంది. 1900 జనవరి ఒకటిని ఒకటి అనుకుని, అక్కడి నుంచి రోజులు లెక్కపెడుతుంది."

"ఆ పొద్దు ఏమైనాది? మీ తాత పుట్టినాడా?"

నిజానికి ఆ రోజునుంచే ఎందుకు లెక్కపెడతారో నాకూ తెలియదు.

"సరే. ఈ లిస్టులో లేటు లేనివాళ్ళు ఎంతమంది?" అంది.

చూశాను. పైనుంచి కిందికి చూశాను. కిందనుంచి పైకి కూడా చూశాను. నలభైకి నలభై మందీ ఒక్క రోజు లేటు.

"నలభై మందీ ఒకే దినం లేటయితే తప్పు నలభై మందిదా, ఒక్కనిదా?" ఆమె గొంతు తగ్గించి అడిగింది. తగ్గించిన గొంతే ఎక్కువ భయపెట్టింది. "అక్టోబరు పదో తేదీ ఏమి?"

"సోమవారం."

"ఇంకా?"

"...పది."

"అమావాస్య! అమావాస్య దినం ఈ ఊర్లో నాడె ఆడదు. ఏ మగ్గమూ కదలదు. ధర్మవరంలో పసిబిడ్డకూ తెలుసు. నీకు చెప్పలేదా ఎవురూ?"

మా తాత నేతగాడే. మా నాయన రైల్వేలో చేరినప్పుడు మగ్గం అటక ఎక్కింది. రైలుకు అమావాస్య లేదు కాబట్టి మా ఇంట్లో ఆ మాట వినిపించకుండా పోయింది. ఇదంతా ఆమెకు చెప్పబోయాను గానీ అప్పటికే మెట్లు దిగుతోంది.

"నీ పేరేంటి?" అని వెనకనుంచి అరిచాను.

"రామాంజినమ్మ. రాసుకో, లేటు పెట్టాల్సి వస్తుందేమో!"

*

సావుకారికి సంగతి చెప్పబోయాను. ఆయన సగంలోనే చెయ్యి ఎత్తాడు.

"మిషన్ తప్పు చెప్తాదా? బెంగళూరు నుంచి ఇంజనీరు వచ్చి టెంకాయ కొట్టి పోయినాడు. అది తప్పు చెప్తే తప్పు నీదే. నీదైతే గుంతకల్లు ప్యాసింజరు సాయంత్రం ఐదుకు ఉండాది. ఎక్కు."

నేను నోరు మూసుకున్నాను. ఫార్ములా మాత్రం సరిచేశాను. గోడమీది లిస్టు అలాగే ఉండిపోయింది. నా కథలో నాకు నచ్చని భాగం ఇదే. దాచడం ఎందుకు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

నాలుగో రోజు రామాంజినమ్మ మళ్ళీ వచ్చింది. పక్కింటి లక్ష్మక్క మగ్గానికి జరీ కావాలట.

"మీ నాయన మగ్గానికి వద్దా?"

"నాయన మీ అంగడి పడుగు ముట్టనంటాడు. దొడ్డబళ్లాపురంలో పవర్‌లూం సేటు పిలుస్తాండాడు. అందరం ఆడికే పోతాం. ఆడ గంటల లెక్క. మాట ఇచ్చే లెక్క లేదు, మాట పడే లెక్కా లేదు."

పోతాం అన్న మాట గుండెల్లో ఎక్కడో తగిలింది. నాలుగు రోజుల పరిచయానికి అంత తగలకూడదు. అయినా తగిలింది.

"ఇప్పుడు ఫార్ములా మార్చాను చూడు" అన్నాను, ఆమెను ఇంకో అయిదు నిమిషాలు ఆపాలని. "సెప్టెంబరు పదకొండు అమావాస్య. అక్కడినుంచి ముప్పై రోజులకొకటి వేశాను. మధ్యలో అమావాస్య వస్తే ఒక రోజు కలుపుతుంది."

ఆమె వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. "పదకొండుకు ముప్పై కలిపితే అక్టోబరు పదకొండు. అమావాస్య పదిన పోయింది కదప్పా. నీ చంద్రుడు ఒక దినం లేటు."

మర్నాడు బస్సెక్కి అనంతపురం లైబ్రరీకి వెళ్ళి, చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజుల మీద ఇంకాస్త అని కనుక్కుని వచ్చాను. ఇరవై తొమ్మిది పాయింట్ ఐదు మూడు అని వేశాను. చివర మిగిలే పాయింట్లు తీసేయమని రాశాను. అక్టోబరు పది. నవంబరు తొమ్మిది. దీపావళి అదే రోజు! గదిలో ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆమె మళ్ళీ జరీకి వచ్చింది. మర్నాడు పట్టుకు. ఆ తర్వాత నిన్న తీసుకుపోయిన జరీ మార్చడానికి.

"లక్ష్మక్క మగ్గం చీర నేస్తుందా, జరీ తింటుందా?" అని ఒకరోజు అడిగాను.

"నీకేం నష్టం? నువ్వు నేసినావా?" అంది. కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. చూశానని ఆమె చూసింది.

ఆ మధ్యాహ్నమే వాన వచ్చింది. మా జిల్లాలో వాన వస్తే జనం లోపలికి పరిగెత్తరు, బయటికి పరిగెత్తుతారు. సావుకారి కూడా పంచె ఎగ్గట్టి నడివీధిలో నిలబడి ఆకాశానికి మొహం పెట్టాడు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. ఆమె చెయ్యి చాపి నాలుగు చినుకులు పట్టి నా కళ్ళద్దాల మీద చల్లింది.

"ఇప్పుడు కనపడతాందా అమావాస్య?"

అంతలో కరెంటు పోయింది. నా నవ్వూ దాంతోపాటే పోయింది. పొద్దున్నుంచి కొట్టిన నలభై వరుసలు సేవ్ చేయలేదు.

"పోయిందా?" అంది.

"మొత్తం."

"ఏడవద్దు. కాయితం తీసుకో." గుమ్మానికి ఆనుకుని మొదలుపెట్టింది. "యేసన్న, ఇరవై ఒకటి. చిన్నక్క, ఇరవై రెండు. జయరాముడు, ఇరవై రెండు, కానీ పడుగు తెగింది, ఇరవై మూడు అని రాసుకో..."

నలభై మగ్గాలు. ఒక్క తేదీ తడబడలేదు. బయట వాన, లోపల ఆమె గొంతు. నేను రాస్తూనే ఉన్నాను. ముప్పయ్యో పేరు దగ్గర నాకు స్పష్టంగా అర్థమైంది, ఈ అమ్మాయి దొడ్డబళ్లాపురం పోతే నేను ఈ ఊళ్ళో ఉండలేనని.

అర్థమైనా చెప్పలేదు. ముప్పై ఒకటో పేరు రాసుకున్నాను.

*

నవంబరులో వజ్రకరూరు నుంచి భద్రమ్మ అనే పెద్దావిడ పెళ్ళిచీర ఆర్డరు ఇచ్చింది. డిసెంబరు పద్నాలుగున మనవరాలి పెళ్ళి. నేస్తే కదిరప్పే నేయాలి, ఇంకెవరి చెయ్యీ వద్దంది. ఆయన్ను ఒప్పించడానికి సావుకారి నన్ను పంపాడు.

కదిరప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే "ఏమప్పా, లేటుగా వచ్చినావే" అన్నాడు.

"కదిరప్పన్నా, ఒక్క చీర..."

"నేస్తా. భద్రమ్మ మొగం చూసి నేస్తా. ఇదే ఆఖరు. ఇది మగ్గం మీంచి కోసినంక సేటుకు మాట చెప్తా, దొడ్డబళ్లాపురం పోతాం. నీ మిషన్ ఎప్పుడు తెమ్మంటాదో అడుగు. ఆ గోడమీద ఇంగో తూరి నా పేరు పడగూడదు."

వీధి చివరిదాకా రామాంజినమ్మ నాతో వచ్చింది. నా మొహం చూసి ఓదారుస్తుందనుకున్నాను.

"మా నాయనను అన్నా అనొద్దు" అంది.

"మరి ఏమనాలి?"

"ఆయన నీకు అన్న అయితే నేను నీకేమైతాను? నీ కంప్యూటర్‌ను అడుగు. వరసల లెక్కకు ఫార్ములా లేదా దాంట్లో?"

తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. నేను నడవాల్సిన దారి మరిచిపోయి మార్కెట్ దాకా పోయి వెనక్కి వచ్చాను.

పడుగు నవంబరు ఇరవై నాలుగున ఎక్కింది. పద్నాలుగు కలిపితే డిసెంబరు ఎనిమిది. డిసెంబరు అమావాస్య ఎనిమిదేనని కంప్యూటర్ చెప్పింది. కాబట్టి ఒకటి కలిపి, తొమ్మిదో తేదీకి రమ్మని భద్రమ్మకు కార్డు వేశాను. కదిరప్పకు స్లిప్పు పంపాను.

ఆ వారం రామాంజినమ్మతో మాటల్లో "వచ్చే అమావాస్య ఎనిమిది" అన్నాను.

"తొమ్మిది. మా అవ్వ పంచాంగం చూసి చెప్పింది."

"పంచాంగంలో అచ్చుతప్పు పడి ఉంటుంది. నాది ఫార్ములా."

"పందెం?"

"ఉగ్గాని బజ్జీ" అన్నాను. మా సీమలో బొరుగుల ఉప్మాకు మిరపకాయ బజ్జీ తోడు.

"రెండు ప్లేట్లు" అంది. నేను గెలిచినట్టే నవ్వాను. కార్డు సంగతి ఆమెకు చెప్పలేదు.

*

డిసెంబరు ఎనిమిది సాయంత్రం తెల్లటి గుడ్డలో చుట్టిన చీర తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గుడ్డ విప్పి చూశాను, అంచులో చిలకలు.

"రేపు కదా తేదీ?" అన్నాను.

"రేపు అమావాస్య. అమావాస్య దినం పెళ్ళిచీర కోసే చెయ్యి మా నాయనది కాదు. నువ్వు తొమ్మిది అని స్లిప్పు పంపినావంట. చూసి మీసం కింద నవ్వుకున్నాడు, అంతే."

సావుకారి గది గోడకున్న క్యాలెండరు దగ్గరికి పరిగెత్తాను. తొమ్మిదో గడిలో నల్లటి గుండ్రటి చుక్క. నేను తీసేయమన్న పాయింట్లన్నీ కలిసి ఒక రోజు మింగేశాయి. పెళ్ళివారిని అమావాస్య రోజు చీరకు రమ్మని పిలిచిన మొదటి మొనగాణ్ణి నేనే అయ్యుంటాను.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తుడుచుకుంటూనే ఆగిపోయింది.

"నీ తప్పు ఎవురికీ తెలీదులే. చీర రెడీగా ఉండాది. ఒక మాట చెప్పు. ఆ గోడ మీది కాయితం ఎప్పుడు తీస్తావు? రెండు నెలలుగా మా నాయన ఈ వీధిలో నడవడంల్యా. ఎల్లుండి సేటు వస్తాండాడు, మాట తీసుకునేదానికి."

"సావుకారి ఒప్పుకోడు. నా ఉద్యోగం..."

"తెలుసులే" అంది. అంతే. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది.

మర్నాడు అమావాస్య. మగ్గాలన్నీ ఆగిన రోజు. నేతగాళ్ళంతా తలంటుకుని, తీరిగ్గా అంగడి ముందు బెంచీల మీద చేరారు. నేను పొద్దున్నే వచ్చి కొత్త లిస్టు ప్రింటు తీశాను. ప్రింటరు కీచుమని అరుస్తుంటే సావుకారి వస్తాడేమోనని వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. పాత లిస్టు చించి కొత్తది అంటించాను.

యేసన్న బిగ్గరగా చదివాడు. "కదిరప్ప, తప్పు లేదు. చిన్నక్క, తప్పు లేదు. జయరాముడు, తప్పు లేదు..." నలభై పేర్లూ అలాగే చదివి ఆగాడు. "కింద ఇంకో వరుస ఉండాదే! నలభై ఒకటి. ఓబుళేసు. అక్టోబరులో నలభై తేదీలు తప్పు. డిసెంబరులో ఒక తేదీ తప్పు."

సావుకారి వచ్చాడు. చదివాడు. మెడ నరాలు లేచాయి.

"అంటే నా అంగడి మిషన్ తప్పు చెప్పిందని ఊరంతా చాటుతావా? ఐదు గంటల ప్యాసింజరు..."

"తప్పు చెప్పుకున్నోణ్ణి పంపిస్తావా సావుకారీ?"

వెనకనుంచి వచ్చిన గొంతు కదిరప్పది. రెండు నెలల తర్వాత ఆ వీధిలోకి వచ్చాడు. నెమ్మదిగా నడిచి లిస్టు దగ్గర నిలబడి, తన పేరు మీద వేలు పెట్టాడు. కూతురు పెట్టినట్టే.

"తప్పు నేసినోడు గుట్టుగా మడత పెట్టి దాస్తాడు. ఈ పిల్లోడు విప్పి నలుగురి ముందర ఆరేసినాడు. ఈయప్పను పంపితే ఈ అంగడి పడుగు నేను ముట్టను. ఉంచుకుంటే సేటుకు రావొద్దని ఇప్పుడే టెలిగ్రాం కొడతా."

"నేనూ ముట్టను" అన్నాడు యేసన్న. "నేనూ" అంది చిన్నక్క. బెంచీల మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు.

సావుకారి నలభై మందినీ చూశాడు. లోపల దండ వేసుకుని కూర్చున్న మిషన్‌నూ చూశాడు. "సరేలే, ఉండు. ఈసారి మాత్రం దానికి పంచాంగం చూపించి పని చేయించు" అని గొణిగి, ఊదుబత్తి వెలిగించడానికి పోయాడు.

*

పదో తేదీ ఉదయం భద్రమ్మ దిగింది. చీర విప్పి చూసి, కళ్ళకద్దుకుని, నా వైపు తిరిగింది.

"తొమ్మిదికి రమ్మని కార్డు రాసింది నువ్వేనా అబ్బీ? ఇంటిల్లిపాదీ చదువుకుని నవ్వుకున్నాం. పెళ్ళి చీరకు అమావాస్య దినం ఎవురైనా బయలుదేరతారా? పాపం ఈ పిల్లోనికి ఇంట్లో ఆడదిక్కు లేదేమో అనుకున్నాం."

"లేదవ్వా" అంది పక్కనుంచి రామాంజినమ్మ.

కదిరప్ప భద్రమ్మకు చీర మడత చూపిస్తున్నాడు. రామాంజినమ్మ అద్దాల గదిలోకి వెళ్ళింది. పందెం బాకీ గుర్తొచ్చి, ఉగ్గాని రెండు ప్లేట్లు పట్టుకుని నేను వెనకే వెళ్ళాను. ఆమె నా కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం వెతికి వెతికి కొడుతోంది.

తెర మీద నలభై ఒకటో వరుస. నా పేరు. రెండో గడిలో అక్టోబరు పదిహేడు. పక్క గడిలో ఈరోజు తేదీ. ఆ పక్కన రెండు అమావాస్యలు. చివరి గడిలో, జరీకి వచ్చినప్పుడల్లా నా పక్కన చూసి నేర్చుకున్న ఫార్ములా, ఎక్కడా తప్పులేకుండా. దాని కింద యాభై రెండు. పక్కన లేటు.

"ఇది ఏ చీర లెక్క?" అన్నాను.

"చీర కాదు. ఒక మాట రావాల్సి ఉండాది నీ నుంచి. మొదటి దినమే నీ మొగం మీద కనపడింది. పదిహేడు నుంచి చూస్తాండా. రెండు అమావాస్యలు నీకు వదిలేసినా, యాభై రెండు దినాలు లేటు."

"అమావాస్యలు ఎందుకు వదిలేశావు?"

"ఆ దినాల్లో చెప్పింటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు."

ప్లేట్లు బల్ల మీద పెట్టాను. ఇంకా ఆలస్యం చేస్తే యాభై మూడు అవుతుంది.

"రామాంజినమ్మా, నువ్వు దొడ్డబళ్లాపురం పోతావంటే నాకు అన్నం సహించలేదు. నువ్వంటే నాకు ఇష్టం. లక్ష్మక్క మగ్గం జరీ తినడం ఆపినా నువ్వు రోజూ ఇక్కడికి రావాలి."

ఆమె బజ్జీ విరిచి సగం నా చేతిలో పెట్టింది. "నాకు చెప్పినావు, బాగుండాది. బయట ఒకాయన ఉండాడు. ఆయన్ను ఏమని పిలుస్తావో పిలువు, వింటా."

గది తలుపు తెరిచాను. కదిరప్ప వీపు కనిపించింది. నా గుండె ప్రింటరు కంటే పెద్దగా కొట్టుకుంది.

"మామా!" అన్నాను.

చీర మడుస్తున్న ఆయన చేతులు ఆగాయి. భద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కదిరప్ప వెనక్కి తిరగలేదు. ఆ చిలకల అంచును ఇంకో మడత పెట్టాడు.

"గుంతకల్లుకు కార్డు రాయి. మీ నాయనను రమ్మను, మాట్లాడతాం" అన్నాడు చివరికి. "ఒకటి మాత్రం చెప్తా వినప్పా. ముహూర్తం తేదీకి ఆ మిషన్‌ను అడిగినావంటే పిల్లనియ్యను."

లోపలికి వచ్చాను. ముందు ఆ లేటు అనే మాట చెరిపేద్దామని కీబోర్డు మీదికి వంగాను. రామాంజినమ్మ నా చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది. తీయలేదు.

"అది ఉండనీ" అంది. "ప్రింటు తీసి గోడకు అంటించాల."